జానెడు సొరంగం, మూరెడు ఇంజను

చిరంజీవి పిచ్చుకకి మావయ్య దీవెనలు.

ఆరోగ్యం ఎలా ఉంది, ఆస్పత్రిలో పని ఎలా ఉంది అన్నవి ఇంకో ఉత్తరంలో అడుగుతాను. ముందు అసలు సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది నాకు.

పిచ్చుకా, మన ఇంట్లో రైలుమార్గం పడింది!

బేకరీ వెనకగదిలో మైదా బస్తాలన్నీ ఒక గోడకి నెట్టి, పాత పెద్దబల్ల మీద వేశాను. పాతసామాన్ల కొట్టులో పెట్టెడు పట్టాలు దొరికాయి. తుప్పు గీకి, మైనం రాసి మెరిపించాను. స్టేషను ఉంది. స్టేషను మాస్టరు ఉన్నాడు, బొటనవేలి గోరంత. కొండ ఉంది, కొండలో సొరంగం ఉంది. కొండ మాత్రం పూర్తిగా నా సొంత తెలివి. లోకంలో అందరూ కాగితం గుజ్జుతో చేస్తారట. రొట్టెలు కాల్చేవాడికి గుజ్జెందుకు? మైదాలో ఉప్పు దండిగా పోసి, గట్టిగా పిసికి, నాలుగు ముక్కలుగా ఓవెన్‌లో కాల్చి అతికించాను. చక్కగా బంగారు రంగు తిరిగింది. ఇంకాసేపు ఉంచితే అగ్నిపర్వతం అయ్యేది.

లేనిదల్లా ఇంజనే. ఇంజను లేని రైలుమార్గం ఎలా ఉంటుందో తెలుసా? నిచ్చెనని పడుకోబెట్టినట్టు ఉంటుంది. ఈ మాట నాది కాదు, వకీలుగారిది. మా ఊళ్ళో చిన్నరైళ్ళ సంఘం అని ఒకటుంది. వకీలుగారు, పశువుల డాక్టరుగారు, ఇంకా నలుగురైదుగురు పెద్దమనుషులు అందులో ఉన్నారు. వకీలుగారికి తొమ్మిది ఇంజన్లున్నాయి. రొట్టె కొనడానికి వచ్చినప్పుడల్లా "ఏమయ్యా, నిచ్చెన కులాసానా?" అని అడుగుతారు. నేను నవ్వుతూ రొట్టె కట్టిస్తాను గానీ లోపల పొయ్యి మండుతూనే ఉంటుంది. మొన్న ఉండబట్టలేక, "వచ్చే నెల చివరి ఆదివారం సంఘమంతా మా ఇంటికి దయచేయండి. స్టీము ఇంజను నడిపి చూపిస్తాను. నచ్చితే నన్నూ చేర్చుకోండి" అనేశాను. అందరూ వస్తామన్నారు. నోరా, వీపుకి తేకే అంటే ఇదే.

నువ్వుండే ఊళ్ళో ఇలాంటి ఇంజన్ల షాపు పెద్దది ఉందట. డీజిలు వద్దు, అది చక్రాలున్న బీరువా. స్టీము ఇంజనే కావాలి. చక్రాలకి బయట కడ్డీ ఉండాలి, అది మనిషి మోచెయ్యి ఆడించినట్టు ఆడాలి. వెనక బొగ్గుబండి ఉండాలి. రంగు నలుపు. ఆపైన నీ ఇష్టం. నాకు ఓ ఇంజను చాలు. ఓ ఇంజనంటే ఓ ఇంజనే సుమా, మోజుపడి ఇంకోటి కొనేవు!

ఇట్లు,
నిచ్చెన యజమాని,
నీ మావయ్య.

తా.క.: ఇదంతా మీ అత్తయ్యకి తెలియదు. వెనకగదిలో కొత్తరకం కేకు తయారవుతోందని చెప్పాను. నీ కడుపులో దాచుకో.

ఇంకో తా.క.: పిచ్చుకా, నేను అత్తయ్యని. ఉత్తరం పోస్టులో వెయ్యమని నాకే ఇచ్చారు. కవరు అంటించడం కూడా మర్చిపోయారు. కేకు చుట్టూ సిగ్నళ్ళు ఎందుకని అడగాలని ఉంది గానీ అడగను. ఇంజను కొనిపెట్టు, పాపం.

---

మావయ్యకి పిచ్చుక రెక్కలు జోడించి చేసే నమస్కారం.

ఇలా వెళ్ళి అలా వచ్చేద్దామని షాపుకి వెళ్ళాను. చివరికి షాపాయన దీపాలు ఆర్పేసి, నన్ను బతిమాలి బయటికి పంపాడు. మావయ్యా, ఇన్నాళ్ళూ నువ్వు చెబుతుంటే నవ్వానే, నాకు బుద్ధి లేదు! ఆ అద్దాల బీరువా ముందు నిలబడితే కాళ్ళు కదలవు.

"ఏ సైజమ్మా?" అన్నాడు షాపాయన. నాకేం తెలుసు? నీ ఉత్తరమే చేతికిచ్చాను. చదివి కళ్ళజోడు పైకి తోసుకుని, "మీ మావయ్యగారు ఆషామాషీ మనిషి కాదు. ఏం కావాలో ఇంత స్పష్టంగా రాసే కస్టమరు నాకింతవరకు తగల్లేదు" అన్నాడు. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

మూడింటి మధ్య నలిగిపోయాను. ఒకటి యార్డులో పెట్టెలు అటూ ఇటూ నెట్టే ఇంజను. నాలుగే చక్రాలు, పొట్టిగా, కోపంగా, అచ్చం మా హెడ్‌నర్సులా ఉంది. ఇంకోదానికి రెండు పక్కలా నీళ్ళ టాంకులు. ముద్దుగా, బొద్దుగా ఉంది గానీ వెనక బొగ్గుబండి లేదు, నీ షరతుకి ఒప్పదు. మూడోది... మావయ్యా, దాన్ని చూడగానే "ఇదే" అన్నాను. నల్లగా నిగనిగలాడుతోంది. షాపాయన మీట తిప్పితే కడ్డీలు ఆడాయి, నా మోచేతులు కూడా వాటంతటవే ఆడాయి. పక్కన నిలబడ్డాయన నా పక్కనించి జరిగిపోయాడు.

శాలువాలో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కావిడ "ఎన్నో నెల, పాపా బాబా?" అంది. "ఇంకా పేరు పెట్టలేదండీ" అన్నాను.

లోపల మోటారు బాగుందో లేదో చూడకుండా పంపడానికి మనసొప్పలేదు. ఎక్స్‌రే తీసేదాన్ని నేనే కదా, డ్యూటీ అయ్యాక ఒక ఫిల్ము తీశాను. దాన్ని అక్కడే మర్చిపోతే ఎముకల డాక్టరుగారు వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసి, "ఎవరీ పేషెంటు? వెన్నెముకలో పళ్ళచక్రాలున్నాయి, అయినా విరిగినట్టు లేదే!" అన్నారట. ఫిల్ము కూడా పార్సెల్లో పెట్టాను.

డబ్బు పంపావో, నీతో పచ్చి. ఇది నా కానుక.

ఇట్లు,
ఎగిరెగిరి పడుతున్న నీ పిచ్చుక.

తా.క.: "గది పెద్దదేనా?" అని షాపాయన రెండుసార్లు అడిగాడు. మా మావయ్య మనసే పెద్దదండీ అన్నాను. ఆయన బిల్లు రాసేశాడు.

---

చిరంజీవి పిచ్చుకకి మావయ్య అనేక దీవెనలు.

పార్సెలు అందింది. విప్పాను. నోట మాట రాలేదు. ఇప్పటికీ రాలేదు, అందుకే రాస్తున్నాను.

ఎంత అందమైన ఇంజను తల్లీ! ఎంత నలుపు! ఎంత... పెద్దది! జానెడు ఉంటుందనుకున్నాను, మూరెడు వచ్చింది. పట్టాల మీద పెట్టాను. పెట్టానంటే, పట్టాలు దాని కింద ఎక్కడో ఉన్నాయి. సైకిలెక్కిన ఏనుగులా కూచుంది. మా స్టేషను మాస్టరు దాని చక్రంలో సగం కూడా లేడు. పాపం, పచ్చజెండా చూపించాలో, పారిపోవాలో తేల్చుకోలేక నిలబడ్డాడు. సొరంగం దగ్గరికి తీసుకెళ్తే దాని పొగగొట్టం ఒక్కటే లోపలికి దూరింది. అదీ పడుకోబెడితే.

నీ మనసెంత పెద్దదో నీ కానుకా అంత పెద్దది. నిజం చెప్పాలంటే నీది ఇంతకంటే కాస్త చిన్న మనసైనా నేనేమీ అనుకునేవాణ్ణి కాదు. ఎక్స్‌రే కిటికీకి అంటించాను. లోపల నిజంగానే విరగలేదు. విరిగింది వేరే ఎక్కడో ఉందిలే.

ఇట్లు,
చిన్న బల్ల ఉన్న నీ మావయ్య.

తా.క.: సంఘం వాళ్ళు వచ్చే ఆదివారం మారలేదు. ఊరికే చెబుతున్నాను.

ఇంకో తా.క.: పిచ్చుకా, అత్తయ్యని. ఇంజను వచ్చినప్పట్నుంచీ మీ మావయ్య దాని ఎదురుగా కూచుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కళ్ళార్పకుండా చూస్తున్నారు. మధ్యమధ్యలో కళ్ళల్లో నీళ్ళు కూడా తిరుగుతున్నాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా వంక ఒక్కసారైనా అలా చూడలేదు.

---

మావయ్యకి పిచ్చుక నమస్కారం, గంతులు.

నీ ఉత్తరం చదివి నేనూ ఏడ్చాను! కళ్ళల్లో నీళ్ళు తిరిగేంత నచ్చిందా! అత్తయ్య రాయకపోతే నాకు తెలిసేదే కాదు. పైకి గంభీరంగా "చిన్న మనసైనా ఫరవాలేదు" అంటావు గానీ నీ సంతోషం నాకు అర్థం కాదా?

అందుకే ఆగలేకపోయాను. ఒంటరి ఇంజను ఏం బావుంటుంది చెప్పు? మళ్ళీ షాపుకి వెళ్ళాను. దానికి సరిజోడుగా నాలుగు ప్రయాణికుల పెట్టెలు, బొగ్గు వ్యాగను ఒకటి, ఖాళీగా ఉండే చదును బండి ఒకటి తీసుకున్నాను. అన్నీ దాని సైజువే, ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. షాపాయన "పట్టాలు సరిపోతాయా?" అంటే మా మావయ్య దగ్గర పెట్టెడున్నాయన్నాను. అయినా ఉండనీ అని అదనంగా రెండు పెట్టెలు పట్టాలు, విశాలమైన వంపులవి, తీసుకున్నాను. ఇంత పొడుగు బండి చిన్న వంపులో తిరగదట, దానికి నడుము పట్టేస్తుందట. నాకొచ్చే పేషెంట్లు గుర్తొచ్చారు.

ఇట్లు,
రైలు పిచ్చి అంటుకున్న నీ పిచ్చుక.

తా.క.: పార్సెలు ఆఫీసులో "ఏముందమ్మా ఇందులో?" అన్నారు. "రైలు" అన్నాను. "రైల్లోనే పంపుతున్నాం, లోపలేముంది?" అన్నారు. "రైలే" అన్నాను. అలా మేం చాలాసేపు మాట్లాడుకున్నాం.

---

చిరంజీవి పిచ్చుకకి దీవెనలు.

అన్నీ అందాయి. నాలుగు పెట్టెలూ బల్ల మీద వరసగా పెడితే ఇంజను బల్ల దాటి గాల్లో ఉంది.

ముందు రెండు రోజులు తలపట్టుకున్నాను. మూడో రోజు పొద్దున పిండి పిసుకుతుంటే బుర్ర వెలిగింది. పిండి పొంగితే ఏం చేస్తాం? గిన్నె మారుస్తాం గానీ పిండిని కొడతామా? అంతే! పాత పట్టాలు పీకేశాను. నువ్వు పంపినవి పరిచాను. బల్ల చాలలేదు, నేల మీదికి దిగాను. వెనకగది చాలలేదు, గోడ అడుగున రంధ్రం కొట్టించి వంటింట్లోకి తీసుకెళ్ళాను. ఇప్పుడు మన రైలు మైదా బస్తాల పక్కనించి బయల్దేరి, వంటింట్లో గ్యాసు బండ వెనకనించి తిరిగి, నీళ్ళ కుండీని చుట్టి, పడకగది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొస్తుంది. ఎంత హుందాగా వెళ్తుందో! కడ్డీలు ఆడుతుంటే నేను పక్కనే నేల మీద బోర్లా పడుకుని పాకుతూ వెళ్తున్నాను. ఈ వయసులో మోకాళ్ళు ఇంత హాయిగా పనిచేస్తాయని తెలియదు.

కొండ కూడా మళ్ళీ కాల్చాను, ఈసారి పెద్దది. రెండు రోజులు ఓవెన్ దానికే సరిపోయింది. రొట్టెల్లేక జనం వెనుదిరిగారు. వకీలుగారు "ఏమయ్యా, రొట్టెలు ఏవి?" అంటే "కొండ కాలుతోందండీ" అన్నాను. ఆయన ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. సొరంగంలోంచి ఇంజను నున్నగా దూరి వస్తోంది. పెట్టెలు తగిలించి ఇంకా నడపలేదు. ఇంజను పట్టాక పెట్టెలు పట్టవా?

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నేను ఓ ఇంజను అని రాస్తే, అన్నిట్లోకీ పెద్దది ఎందుకు కొన్నావమ్మా? తిట్టడం కాదు. ఇప్పుడిది లేకపోతే నేను బతకలేను. తెలుసుకుందామని.

ఇట్లు,
నేలబారు మనిషి,
నీ మావయ్య.

తా.క.: ఆదివారానికి గుండె ఇప్పట్నుంచే ఎక్స్‌ప్రెస్ బండిలా కొట్టుకుంటోంది.

ఇంకో తా.క.: అత్తయ్యని. నిన్న కూర మాడిపోయింది. పొయ్యి దగ్గరికి వెళ్ళబోతే గేటు వేసి ఉందన్నారు మీ మావయ్య. గేటంటే నా అప్పడాల కర్రే. ఆ ఒంటి ఇంజను దాటేదాకా నా వంటింటి బయట నేనే నిలబడ్డాను. మాడిన వాసన వస్తోందంటే, "అది ఇంజను బొగ్గు వాసన, ఎంత సహజంగా ఉందో!" అన్నారు. కరెంటుతో నడిచే ఇంజను, పిచ్చుకా.

---

మావయ్యకి పిచ్చుక గుంజీళ్ళు తీస్తూ చేసే నమస్కారం.

నీ ఉత్తరం పట్టుకుని షాపుకి పరిగెత్తాను. "మా మావయ్య ఇంత పెద్దది అడగలేదటండీ" అంటే షాపాయన గల్లాపెట్టె అడుగునించి నీ మొదటి ఉత్తరం తీశాడు. కస్టమర్లకి చూపించడానికి దాచుకున్నాడట! వేలు పెట్టి చూపించాడు: "ఓ ఇంజనంటే ఓ ఇంజనే సుమా."

మావయ్యా, ఈ చిన్న రైళ్ళ లోకంలో సైజులకి పేర్లున్నాయట. ఒక సైజు పేరు "హెచ్‌ఓ". నీ పాత పట్టాలు అవే అయ్యుంటాయి, వేలెడు వెడల్పు. దానికి దాదాపు రెట్టింపు సైజు ఇంకోటుంది. దాని పేరు ఉత్త "ఓ". నువ్వు "ఒకటి" అని ఓ రాశావు. ఆయన సైజు అని ఓ చదివాడు. పైగా "ఓ ఇంజనంటే ఓ ఇంజనే" అని నొక్కి మరీ చెప్పావాయె!

ఆయన నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నువ్వు మొహమాటంతో గోడకి కన్నం కొట్టించావు, అత్తయ్య కూర మాడింది, అంతా నావల్లే. ఇదిగో, హెచ్‌ఓ ఇంజను, అచ్చం అలాంటిదే, జానెడుది, ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. పెద్దది వెనక్కి పంపెయ్యి, మార్చుకుంటానన్నాడు. సంఘం వాళ్ళ ముందు నీ పరువు పోకూడదు.

ఇట్లు,
తల దించుకున్న పిచ్చుక.

తా.క.: ఇక మీదట ఏది కావాలన్నా "ఒక" అని రాయి మావయ్యా. నీ కాలికి మొక్కుతాను.

---

చిరంజీవి పిచ్చుకకి మావయ్య కోటి దీవెనలు.

ఆదివారం అయిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియక మధ్యస్టేషన్లో ఆగిపోయాను. చదివి నువ్వే తేల్చు.

చిన్న ఇంజను శనివారమే అందింది. ముద్దొచ్చేస్తోంది. కానీ ఇప్పుడున్న పట్టాల మీద పెడితే రెండింటి మధ్యకి జారి, కాలవలో పడ్డ బాతుపిల్లలా నా వంక చూసింది. మళ్ళీ అంతా పీకడానికి వేళ లేదు. నిజం చెప్పనా? మనసూ లేదు.

పెద్దమనుషులు వచ్చారు. నేల మీద పట్టాలు చూసి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వకీలుగారు "నిచ్చెన బాగా పెరిగిందే" అన్నారు. నేను మీట తిప్పాను. ఇంజను కదిలింది, వెనక నాలుగు పెట్టెలూ కదిలాయి. ఇంజను సొరంగంలో దూరింది, ఇవతలికి వచ్చింది. మొదటి పెట్టె గోడని గీరుకుంటూ ఎలాగో వచ్చింది. రెండో పెట్టె వంపు తిరిగేటప్పుడు దాని నడుము పక్కకి ఉబికి సొరంగం గోడకి పట్టేసింది.

కొండ కదిలింది, పిచ్చుకా!

బంగారు రంగు కొండని నెత్తిన పెట్టుకుని రైలు వంటింట్లోకి వెళ్ళిపోయింది. స్టేషను మాస్టరుని తొక్కేసింది. పశువుల డాక్టరుగారు కాళ్ళు పైకెత్తి కుర్చీలో ముడుచుకున్నారు. నేను నెత్తిన రెండు చేతులూ పెట్టుకున్నాను. రెండు చేతులూ నెత్తి మీదుంటే మీట ఎవరు తిప్పుతారు?

మీ అత్తయ్య వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. మీట తీసుకుంది. రైలుని మెల్లిగా, గుడ్డు మీద కాలు పెట్టినంత మెల్లిగా ఆపింది. అంతే మెల్లిగా వెనక్కి నడిపి, కొండని ఎక్కడిదక్కడ దింపింది. "అటు కాస్త ఎత్తండి" అంది. వకీలుగారు వంగి కొండ అంచు ఎత్తారు. పెట్టెలు ఒక్కొక్కటే జారుకుంటూ వచ్చేశాయి.

వకీలుగారు మాత్రం లేవలేదు. మోకాళ్ళ మీదే ఉండిపోయి ఇంజనునే చూస్తున్నారు. నవ్వుతారనుకున్నాను. "కడ్డీ ఆడుతోంది" అన్నారు. "ఆడుతుందండీ, స్టీము ఇంజను కదా" అన్నాను. "అది కాదయ్యా. కనిపిస్తోంది! తొమ్మిది ఇంజన్లున్నాయి నాకు. కళ్ళు మసకబారి వాటి కడ్డీలు చూసి ఎన్నేళ్ళయిందో! చప్పుడు విని, ఆడుతున్నాయిలే అనుకుంటున్నాను" అన్నారు. పశువుల డాక్టరుగారు కాళ్ళు కిందికి దించి, "మీరు నయం. నేను మొన్న అగ్గిపెట్టెని పట్టాలెక్కించి, నడవట్లేదేమిటా అని మీట తిప్పుతూ కూచున్నాను" అన్నారు. తర్వాత ఒక్కొక్కరే బయటపడ్డారు. ఒకళ్ళకి చెబితే పరువు తక్కువని ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళు దాచుకున్నారు! పిచ్చుకా, ఆ తర్వాత సాయంత్రం దాకా ఆ పెద్దమనుషులంతా మా వంటింటి నేల మీద బోర్లా పడుకునే ఉన్నారు. మీ అత్తయ్య వాళ్ళని దాటుకుంటూ వంట చేసింది.

వెళ్ళేముందు సంఘం తీర్మానం చదివారు. ఒకటి, వకీలుగారికి, డాక్టరుగారికి, మిగతావాళ్ళకి ఇదే సైజు ఇంజన్లు తెప్పించాలి. నువ్వు షాపాయనతో చెప్పు, ఈసారి ఉత్తరం అర్థం అయ్యేలా వకీలుగారే రాస్తారు. రెండు, ఇంత నేర్పుగా బండి నడిపినవారిని ఏకగ్రీవంగా సంఘంలో చేర్చుకోవాలి.

చేర్చుకున్నారు. మీ అత్తయ్యని.

మొదట చప్పట్లు కొట్టింది నేనే. కొట్టడం మొదలుపెట్టాకే అర్థమైంది, పేరు నాది కాదని. అయినా ఆపలేదు. ఆపాలనిపించలేదు. మీట పట్టుకున్నప్పుడు ఆ మొహం నువ్వు చూసి ఉండాల్సింది.

ఇట్లు,
సభ్యురాలి భర్త,
నీ మావయ్య.

తా.క.: పెద్ద ఇంజను వెనక్కి పంపను. షాపాయన్ని ఆశపడొద్దని చెప్పు.

ఇంకో తా.క.: పిచ్చుకా, అత్తయ్యని. నాకా నేర్పు ఎక్కడిదంటావా? పట్టాలు నేలకి దిగినప్పట్నుంచీ, రోజూ మీ మావయ్య దుకాణంలో కూచున్నాక ఇంట్లో బండి నాదే. చదును బండి మీద నిండుగా గ్లాసుడు నీళ్ళు పెట్టి, చుక్క ఒలక్కుండా పడకగది గుమ్మం దాకా తీసుకెళ్ళి తీసుకొచ్చేదాన్ని. మొదట్లో ఇల్లంతా తడిసేది, కుండీ కారుతోందని చెప్పేదాన్ని. ఇక సంఘం నియమాల పుస్తకం ఇచ్చారు, చదివాను. కొత్తవాళ్ళని చేర్చుకోవాలంటే సభ్యులెవరైనా సిఫారసు చెయ్యాలట. మీ మావయ్య పొద్దుటినించీ నా చుట్టూ తిరుగుతున్నారు. అడక్కుండానే గిన్నెలు తోమారు, బట్టలు ఆరేశారు, ఇప్పుడు నా కాళ్ళ దగ్గర కూచుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఆలోచిస్తున్నాను.